మూడు కాపీలు, ఒక ఖాకీ కవరు

పొద్దున్నే ఆరింటికి, కాఫీ గ్లాసు ఇంకా చేతికి రాకముందే ఫోను టింగుమంది. ఎవరు పోయారో ఏమోనని కంగారుగా కళ్ళజోడు వెతుక్కున్నాను. ఈ వయసులో ఆ వేళకి వచ్చే కబురు అలాంటిదే మరి. తీరా చూస్తే ఎవరూ పోలేదు. "పరమ గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి శుభోదయం" అంటూ ఏదో జర్నల్ వాళ్ళు పంపిన ఈమెయిలు. పళ్ళ ఇంప్లాంట్ల మీద ఓ పేపరు వచ్చిందట, ఐదు రోజుల్లో రివ్యూ చేసి పెట్టాలట, చేస్తే సర్టిఫికెట్ ఇస్తారట. నేను ముప్ఫై నాలుగేళ్ళు భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. రాళ్ళ మనిషినే గాని పళ్ళ మనిషిని కాను. అసలు నా నోట్లో ఉన్న పళ్ళే నావి కావు.

మా అమ్మాయికి చూపించాను. తను కెమిస్ట్రీ ప్రొఫెసరు, చేతికింద ఐదుగురు స్కాలర్లు. "ఇలాంటివి నాకు రోజుకి నాలుగొస్తాయి నాన్నా. డిలీట్ కొట్టెయ్" అంది దోసె తిరగేస్తూ. కొట్టేశాను. కొట్టేశాను గాని ఆ రోజంతా గొణుక్కుంటూనే ఉన్నాను. ఆ గొణుగుడు విని విని విసుగొచ్చి, "ఏ పత్రికకైనా రాసి పారెయ్యి, మాకూ కాస్త మనశ్శాంతి" అంది. అంచేత రాస్తున్నాను. ఇక మీ ఖర్మ.

మా రోజుల్లో జర్నల్‌కి పేపరు పంపడమంటే పిల్లని అత్తారింటికి పంపడమే. నేను రిసెర్చి స్కాలరుగా చేరింది 1973లో, మొదటి పేపరు పంపింది 1976లో. డిపార్టుమెంటు టైపిస్టు గారిని బతిమాలి, నాలుగు సాయంత్రాలు కాఫీ పోయించి, డబుల్ స్పేసులో మూడు కాపీలు కొట్టించాను. ఒరిజినలు ఒకటి, కార్బన్ కాపీలు రెండు. అక్షరం తప్పు పడితే మూడు కాగితాల మీదా బ్లేడుతో గీకి మళ్ళీ కొట్టాలి. మూడో కాపీకి వచ్చేసరికి అక్కడ మూడు అంకె ఉందో ఎనిమిది ఉందో ఆ బ్రహ్మకే తెలియాలి. మ్యాపులు ట్రేసింగ్ పేపరు మీద నల్ల ఇంకుతో మనమే గీసుకోవాలి. మే నెల, విశాఖ ఉక్క. ఫ్యాను వేస్తే కాగితం ఎగురుతుంది, ఆపితే చెమట చుక్క ఇంకు మీద పడుతుంది. మైక్రోస్కోపు కింద తీసిన ఫొటోలు ఊళ్ళో స్టూడియోలో కడిగించాను. స్టూడియో ఆయన వాటిని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "డిజైన్లు బాగున్నాయి సార్, చీరలకా?" అని అడిగాడు.

అన్నీ ఖాకీ కవర్లో పెట్టి, గట్టిగా ఉండటానికి మధ్యలో అట్టముక్క దోపి, రిజిస్టరు పోస్టులో పంపాను. చేరినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. ఆ తరవాత నాలుగు నెలలు ఉలుకూ లేదు పలుకూ లేదు. పోస్టుమాను సైకిలు బెల్లు వినపడితే గుండె దడ. కవరు పల్చగా ఉంటే ఒప్పుకున్నట్టు. లావుగా ఉంటే మన కాగితాలు మనకే తిరిగొచ్చినట్టు. దూరం నుంచి కవరు లావు చూసి జాతకం చెప్పడంలో మా హాస్టల్లో ఒక్కొక్కడూ ఒక్కో సిద్ధాంతి.

ఈ గోల తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. పేపరు చేరాక ఎడిటరు ముందు తనే చదువుతాడు. పనికిరాదనుకుంటే అక్కడే తిప్పి పంపేస్తాడు. పనికొస్తుందనుకుంటే అదే విద్యలో ఆరితేరిన ఇద్దరికి పంపుతాడు. వాళ్ళే రెఫరీలు. రాసిందెవరో రెఫరీకి తెలుసు, రెఫరీ ఎవరో రాసినవాడికి తెలియదు. అచ్చెయ్యొచ్చు, దిద్దితే అచ్చెయ్యొచ్చు, వద్దు అన్న మూడు మాటల్లో ఒకటి చెప్పి, ఎందుకో వివరంగా రాసి పంపాలి. చివరి మాట ఎడిటరుదే. పీర్ రివ్యూ అని ఇప్పుడు గొప్పగా అంటున్నది దీన్నే. ఈ పనికి రెఫరీకి పైసా రాదు, పేరూ రాదు. పక్కింటి పెళ్ళిలో వడ్డనకి నిలబడటం లాంటిది. ఇవాళ వాళ్ళ పంక్తిలో నువ్వు వడ్డిస్తే రేపు మీ ఇంట్లో ఎవరో వచ్చి వడ్డిస్తారు.

నా పేపరు తూర్పు కనుమల ఖోండలైటు మీద. సింహాచలం కొండెక్కినవాళ్ళంతా ఆ రాతి మీద కాళ్ళు పెట్టినవాళ్ళే. అందులో నాకు కయనైటు దొరికిందని నా గొప్ప. మామూలుగా అక్కడ కనిపించేది సిలిమనైటు. రెండిట్లోనూ సరుకు ఒకటే: అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్. అమరికే వేరు. కయనైటు ఉందంటే ఆ రాయి ఒకప్పుడు భూమి లోపల మరింత ఒత్తిడి తిన్నదని అర్థం. అంటే ఆ కొండల కథ మార్చి రాయాలి. ఇరవై ఆరేళ్ళ కుర్రాణ్ణి. తూర్పు కనుమల చరిత్ర నా చేతిమీదుగా మారిపోతోందని నేల మీద నడవడం మానేశాను.

ఐదో నెలలో లావు కవరు వచ్చింది. ఒక రెఫరీ నాలుగు లైన్లు రాశాడు. రెండో ఆయన రెండున్నర పేజీలు రాశాడు. అందులో మూడో పేరా సారాంశం నాకిప్పటికీ కంఠతా వచ్చు. మూడో ఫొటోలో మీరు కయనైటు అంటున్న పలుకుని క్రాస్ నికోల్స్‌లో తిప్పి చూశారా? ఏ కోణంలో ఆరిపోతోందో కొలిచారా? కొలిస్తే ఆ కొలత పేపర్లో ఎక్కడుంది? అంతే. తిట్టు లేదు, వెటకారం లేదు.

ల్యాబుకి పరిగెత్తాను. మేము రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజు పలక మీద అతికిస్తాం. అదే మా స్లైడు. దాన్ని కాంతిని వడగట్టే ఆ క్రాస్ నికోల్స్ మధ్య పెట్టి మైక్రోస్కోపు బల్లని గుండ్రంగా తిప్పుతుంటే ఖనిజపు పలుకు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. సిలిమనైటు పొడుగాటి పలుకు మైక్రోస్కోపు ఐపీసులోని గీతకి తిన్నగా ఉన్నప్పుడు ఆరిపోతుంది. కయనైటు మామూలుగా ఏటవాలుగా, ముప్ఫై డిగ్రీల దాకా పక్కకి ఒరిగి ఆరుతుంది. తిప్పాను. గీతకి తిన్నగా రాగానే దీపం ఊదేసినట్టు ఆరిపోయింది. ఇంకో పలుకు చూశాను, అదీ అంతే. పదకొండు చూశాను. పదకొండూ నా మొహం మీదే ఆరిపోయాయి.

పన్నెండు పేజీల పేపరు మూడు పేజీల నోటు అయింది. టైటిల్లోంచి కయనైటు ఎగిరిపోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు. కాని ఆ పెద్దమనిషి అడక్కపోయి ఉంటే, లేని కయనైటు నా పేరుతో అచ్చయి, నేనెక్కడికి వెళ్ళినా నాకన్నా ముందు వెళ్ళి కూర్చునేది. ముక్కూ మొహం తెలియనివాడి ఫొటోని భూతద్దం పెట్టి చూసి, ఆ పలుకు ఎటు ఒరిగిందో ఆలోచించడానికి ఆయన ఎన్ని గంటలు పెట్టారో! జీతం కోసం కాదు, ప్రమోషను కోసం కాదు.

ఆయనెవరో ఎవరూ చెప్పలేదు. అయితే ఆ రిపోర్టులో ఇంగ్లీషు 'ఈ' అక్షరం పొట్టలో మురికి పేరుకుని నల్లటి చుక్కలా పడింది. మూడేళ్ళ తరవాత వేరే ఊళ్ళో సెమినారుకి ఆహ్వానం వచ్చింది. అందులోనూ అదే పొట్ట నిండిన 'ఈ'. సెమినారులో ఆయన కనిపించారు. నమస్కారం పెట్టాను, ఆయనా పెట్టారు. ఖోండలైటు తప్ప తక్కిన లోకమంతా మాట్లాడుకున్నాం. అదీ మర్యాద. మా రోజుల్లో టైప్‌రైటర్లకి కూడా చేతిరాత ఉండేది.

నా అవమానానికి తోడు ఎవరున్నారో చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. సాక్షాత్తూ ఐన్‌స్టీన్! 1936లో ఆయనా, నాథన్ రోజెనూ కలిసి గురుత్వ తరంగాలు లేవని తేలుస్తూ ఓ పేపరు రాసి అమెరికాలో ఫిజికల్ రివ్యూకి పంపారు. ఎడిటరు జాన్ టేట్ దాన్ని ఓ రెఫరీకి పంపాడు. రెఫరీ పది పేజీలు రాశాడు. ఐన్‌స్టీన్‌కి ఒళ్ళు మండింది. అచ్చెయ్యమని ఇస్తే మమ్మల్ని అడక్కుండా మరొకరికి ఎందుకు చూపించారని పేపరు వెనక్కి తీసుకున్నాడు. వేరే జర్నల్‌కి ఇచ్చాడు. అచ్చులో ఉండగా తప్పు తెలిసొచ్చి దిద్దుకున్నాడు. 1937లో అచ్చయినప్పుడు టైటిలూ మారింది, తేల్చిన సంగతీ మారింది. ఆ రెఫరీ హోవర్డ్ రాబర్ట్‌సన్ అని 2005లో గాని బయటికి రాలేదు. లేవనుకున్న ఆ తరంగాలు 2015లో యంత్రాలకి చిక్కాయి. అంతటివాడికే కోపం ఆగలేదంటే, రెండు రోజులు అన్నం మానేసిన నేనెంత?

ఇదంతా చెప్పి, "చూశావా, మా రోజుల్లో..." అనబోతుంటే మా అమ్మాయి అడ్డుతగిలింది. "ఎప్పటి రోజులు నాన్నా మీవి?" అని లెక్క విప్పింది. రాయల్ సొసైటీ జర్నల్ 1665లో మొదలైనప్పుడు రెఫరీలూ లేరు, గిఫరీలూ లేరు, సెక్రటరీ హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఏది వెయ్యాలనుకుంటే అది వేశాడు. రాతపూర్వకంగా రిపోర్టు తెప్పించుకోవడం అక్కడ 1831లో విలియం హ్యూఎల్ చొరవతో వచ్చింది. మొదటి పేపరు దగ్గరే ఇద్దరు రెఫరీలకీ పడలేదు. (ఆ ఒక్క సంప్రదాయం మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.) 1953లో వాట్సన్, క్రిక్ రాసిన డీఎన్ఏ పేపరుని నేచర్ అనే జర్నల్ ఏ రెఫరీకీ పంపలేదు. అన్ని పేపర్లకీ రెఫరీ తప్పనిసరని నేచర్ నియమం పెట్టుకున్నది 1973లో.

"1973 అంటే నువ్వు స్కాలరుగా చేరిన ఏడే" అంది.

వేదకాలం నుంచీ వస్తున్న ఆచారమనుకున్నది తీరా చూస్తే నా ఈడుది. ఆ పూట నోరు మూసుకున్నాను. కాని సాయంత్రానికి సమాధానం దొరికింది. ఈడుది అయితేనేం? నా మోకాళ్ళూ నా ఈడువే. వాటిని మీరు విరగ్గొడుతుంటే ఊరుకుంటానా?

ఇప్పుడు కవరు లేదు, పోస్టుమాను లేడు. అంతా పోర్టల్. పేపరు ఎక్కించాక 'అండర్ రివ్యూ' అన్న రెండు మాటల్ని మా అమ్మాయి స్కాలర్లు పొద్దునోసారి, సాయంత్రమోసారి తెరిచి చూసుకుంటారు, ఆరుద్ర కార్తెలో రైతు మబ్బుని చూసుకున్నట్టు. రెఫరీకి పది రోజులు గడువు. ఏడో రోజున గుర్తుచేస్తారు, తొమ్మిదో రోజున మళ్ళీ గుర్తుచేస్తారు, పదకొండో రోజున మీ సేవలు ఇక అక్కర్లేదంటారు. ఏ మనిషీ అనడు, యంత్రమే అంటుంది. మా రోజుల్లో ఆలస్యమైతే ఎడిటరు స్వయంగా కార్డు ముక్క రాసేవాడు. 'తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాను' అన్న వాక్యంలోనే కావలసినంత చురక ఉండేది.

ఇంకో వింత. మీ పేపరు ఎవరు చూస్తే బాగుంటుందో మీరే చెప్పండి అని చాలా జర్నళ్ళు రాసినవాళ్ళనే అడుగుతాయి. మంచికే పెట్టారు. వేల పేపర్లొస్తుంటే అన్ని విద్యలకీ మనుషుల్ని ఎడిటరు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అయితే కొందరు ఘనులు పెద్దపెద్ద పేర్లిచ్చి, పక్కన మాత్రం తామే సృష్టించిన ఈమెయిలు అడ్రసులు పెట్టారు. తమ పేపరుకి తామే రెఫరీలై, అద్భుతం అని తామే రాసుకున్నారు. కంచే చేను మెయ్యడం విన్నాం, ఇక్కడ చేనే కంచె వేషం కట్టింది. ఇలాంటి దొంగ రివ్యూల బాగోతం బయటపడి 2014లో ఒక జర్నల్ 60 పేపర్లు వెనక్కి తీసుకుంది. 2017లో ట్యూమర్ బయాలజీ అనే క్యాన్సర్ జర్నల్ 107 తీసుకుంది. అదే చాలా ఎక్కువనుకున్నాం. 2023లో ఒక్క హిందావి ప్రచురణలే 8,000 పైచిలుకు పేపర్లు రద్దు చేశాయి. మా రోజుల్లో పేపరు వెనక్కి తీసుకున్నారంటే ఊరు వదిలి పోయినంత పరువు తక్కువ. ఇప్పుడు రైలు రద్దయినట్టు జాబితా వేస్తున్నారు.

ఎందుకిలా అయిందంటే పిల్లల్ని అనను. మేష్టర్ల ఉద్యోగాలకీ ప్రమోషన్లకీ పేపరుకి ఇన్ని మార్కులని యూజీసీ 2010లో లెక్కలు కట్టింది. అంతకు ముందే 2009లో, థీసిస్ ఇవ్వాలంటే రెఫరీలున్న జర్నల్లో ఒక పేపరైనా ఉండాలంది. ఊరూరా కాలేజీలు, మైక్రోస్కోపుకి బల్బు మార్చే దిక్కు లేని చోట్ల కూడా పేపర్లు పండాలి! గిరాకీ ఉన్న చోట దుకాణం వెలుస్తుంది. ఫలానా రుసుము కడితే వారంలో అచ్చు, రెఫరీ రిపోర్టు కూడా మేమే పెడతాం అనే జర్నళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. ఇలాంటి వ్యవహారంలోనే మన హైదరాబాద్ నుంచి నడిచిన ఓ ప్రచురణ సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఊరికి బిర్యానీతో వచ్చిన పేరు కొంత దీనితో పోయింది. 2018లో యూజీసీ తన ఆమోదిత జాబితాలోంచే 4,305 జర్నళ్ళని ఏరి పారేసింది. తరవాత కేర్ అని కొత్త జాబితా పెట్టింది. 2022లో పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి కాదంది. 2025లో ఆ కేర్ జాబితా కూడా ఎత్తేసింది. దుకాణాలు మాత్రం ఎవరి జాబితాతోనూ పని లేకుండా తెరిచే ఉన్నాయి.

ఇక ఆ దుకాణాల భాష! ఒకరి పేపరుని ఇంకొకరు కాపీ కొట్టి, పట్టుబడకుండా మాట మాటకీ పర్యాయపదం వేసే సాఫ్ట్‌వేరులో వేసి తిప్పుతారు. ఆ మరలో పడి రొమ్ము క్యాన్సర్ కాస్తా 'ఎద ఆపద' అయింది. కృత్రిమ మేధ 'నకిలీ చైతన్యం' అయింది. ఇవి ఇంగ్లీషులో వేల పేపర్లలో అచ్చయ్యాయి. 2021లో ముగ్గురు పరిశోధకులు ఏరి చూపించేదాకా పెద్దగా ఎవరికీ పట్టలేదు. నన్ను బాధపెట్టేది దొంగ కాదు, దొంగలు మా రోజుల్లోనూ ఉన్నారు. ఎద ఆపద అన్న మాట మీద నుంచి ఇద్దరు రెఫరీలు, ఒక ఎడిటరు, ఒక ప్రూఫు రీడరు నడిచిపోయారే, ఒక్కడి కాలికీ ముల్లు గుచ్చుకోలేదే అని. అంటే ఎవరూ చదవలేదన్నమాట.

2024లో ఓ జర్నల్లో యంత్రం గీసిన ఎలుక బొమ్మ అచ్చయింది. ఆ ఎలుకకి ఎక్కడ ఏది ఎంత పెరిగిందో ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో రాయలేను. పక్కన రాసిన పేర్లు ఏ భాషలోనూ లేవు. మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారనుకోండి. 2025లో ఇంకో తమాషా. పదిహేడు పేపర్లలో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో, మనిషి కంటికి ఆనకుండా, 'మంచిగానే రివ్యూ రాయి' అని దాచిపెట్టారు. మనిషికి కనపడకుండా ఎవరికి చెప్పినట్టు? రెఫరీ బదులు చదివే యంత్రానికి! రాసేది యంత్రం, చదివేది యంత్రం, మధ్యలో మనుషులు ఒకరికొకరు సర్టిఫికెట్లిచ్చుకుంటారు.

డబ్బు సంగతి చెప్పకపోతే నా బీపీ దిగదు. మేమూ ఊరికే రాశాం, ఊరికే రెఫరీ చేశాం, వీళ్ళూ ఊరికే చేస్తున్నారు. అచ్చయినదాన్ని అందరూ ఉచితంగా చదవాలంటే మాత్రం రాసినవాడే కట్టాలి. నేచర్ 2021లో ఆ వసతి మొదలుపెట్టి పేపరుకి 9,500 యూరోలంది. నేను రిటైరైన నాటి జీతంతో ఎన్నేళ్ళు పడుతుందో లెక్కేసి ఆపేశాను. మన ప్రభుత్వం ఒకే దేశం ఒకే చందా అని, 30 మంది ప్రచురణకర్తల దగ్గర దాదాపు 13,000 జర్నళ్ళు మన విద్యార్థులు చదువుకోవడానికి మూడేళ్ళకి 6,000 కోట్లు కేటాయించింది. పిల్లలకి అందడం మంచిదే, కాదనను. కాని వడ్డించినవాళ్ళం మేము, వండినవాళ్ళం మేము, బియ్యం మావి, భోజనానికి టికెట్టూ మేమే కొనుక్కోవాలా అని నా గోల.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర చెబుతుంటే మా అమ్మాయి మజ్జిగ పోస్తూ తాపీగా అడిగింది: "మీ హిమాలయాల శిలాజాల సంగతేంటి నాన్నా?"

అది మా భూగర్భశాస్త్రంవాళ్ళ మానని పుండు. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు వి.జె. గుప్తా పాతికేళ్ళ పాటు హిమాలయాల్లో దొరికాయంటూ శిలాజాల మీద పేపర్లు రాశాడు. దేశ విదేశాల్లో సహ రచయితలు, పేరున్న జర్నళ్ళు. జాన్ టాలెంట్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త 1989లో నేచర్‌లో గుట్టు విప్పాడు. హిమాలయాలవన్న శిలాజాల్లో కొన్ని మొరాకోవి, ప్యారిస్ దుకాణాల్లో కొనుక్కోదగ్గవి. కొన్ని న్యూయార్క్ రాష్ట్రపు ఏటి ఒడ్డువి. విశ్వవిద్యాలయం వేసిన విచారణలోనూ తప్పే తేలింది. పాతికేళ్ళు! అదంతా ఖాకీ కవర్ల కాలమే, నేను నెత్తిన పెట్టుకున్న రెఫరీల కాలమే. వాళ్ళు చూసింది కాగితాన్ని, రాయిని కాదు. రాయి ఎక్కడిదని చెబితే అక్కడిదని నమ్మారు. నమ్మకం లేకపోతే ఏ రెఫరీ హిమాలయాల్లోని స్పితి లోయ దాకా ఎక్కి చూసి వస్తాడు?

"ఇంకోటి" అంది. 1982లో పీటర్స్, సెసి అని ఇద్దరు అమెరికావాళ్ళు ఓ చిలిపి పని చేశారు. పేరున్న సైకాలజీ జర్నళ్ళలో అప్పటికే అచ్చయిన 12 పేపర్లు తీసుకుని, రచయితల పేర్లూ సంస్థల పేర్లూ మార్చి, ఎవరూ వినని ఊళ్ళు పెట్టి, అవే జర్నళ్ళకి మళ్ళీ పంపారు. మూడింటిని గుర్తుపట్టారు. మిగిలిన తొమ్మిదింటిలో ఎనిమిదింటిని బాగాలేవని తిప్పి పంపారు. అంటే కవరు లోపలి సరుకుకన్నా కవరు మీది అడ్రసు ఎక్కువ చదివారన్నమాట. అది విని నవ్వొచ్చింది, కడుపూ మండింది. చిన్న ఊరి కాలేజీ లెటర్‌హెడ్ మీద పంపిన మా పేపర్లకి ఏం జరిగేదో మాకు తెలుసు.

తను అంతటితో ఆగింది. నేనే ఆగలేకపోయాను. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ చెప్పనిది ఆ రాత్రి చెప్పాను.

1988లో ఈ ఇల్లు కట్టాం. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు, చూశాను. అప్పుడే ఓ ఎడిటరు రెఫరీ చెయ్యమని నాకో పేపరు పంపాడు. రాత్రి చూద్దాంలే అని ట్రంకు పెట్టెలో సిమెంటు బిల్లుల మీద పెట్టాను. దాని మీద ఇసుక బిల్లు పడింది, ఇసుక మీద కమ్మీల బిల్లు పడింది. ఎడిటరు రెండు కార్డులు రాశాడు. అవీ ఆ కట్టలోకే వెళ్ళాయి. గృహప్రవేశం అయ్యాక లెక్కలు చూద్దామని పెట్టె తీస్తే పేపరు బయటపడింది. ఏడు నెలలు! ఆ రాత్రే కూర్చుని చదివాను. మంచి పేపరు. బాగుందని రాసి తెల్లారి పోస్టు చేశాను. అది అచ్చయ్యే లోపు అదే సంగతి వేరే దేశంలో ఇంకెవరో అచ్చేశారు.

నాలుగేళ్ళ తరవాత హైదరాబాదులో ఓ సభ. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నది ఆ పేపరు రాసినాయనే. మాటల్లో మాటగా తన గోడు వెళ్ళబోసుకున్నాడు. "ఎవడో మహానుభావుడు సార్, ఏడు నెలలు తొక్కిపట్టాడు. నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది. అలాంటివాళ్ళని ఏం చెయ్యాలి చెప్పండి?" అన్నాడు. "అవునండీ, ఘోరం" అన్నాను. పెరుగు గిన్నె ఇటివ్వమన్నాను. రెఫరీ పేరు దాచే పద్ధతి గొప్పదని ఇందాకణ్ణుంచీ పొగిడాను గదా. ఆ పద్ధతి రెండున్నర పేజీలు రాసిన పెద్దమనిషి పేరు దాచింది, నా పేరూ దాచింది.

మా అమ్మాయి ఏమీ అనలేదు. మజ్జిగ ఇంకొంచెం పోసింది.

పోయిన నెల ఇంకో ఈమెయిలు వచ్చింది. ఈసారి పళ్ళు కాదు, రాళ్ళే. ఒప్పుకున్నాను. తూర్పు కనుమల్లోనే ఓ చోట కార్డియరైటు ఉందని ఎవరో కుర్ర స్కాలరు రాసిన పేపరు. కార్డియరైటు చూపుకి అచ్చం క్వార్ట్జులా ఉండి కళ్ళు కప్పే ఖనిజం. మనవడి చేత ఫొటోలు పెద్దవి చేయించి చూశాను. ఐదు పలుకులకి కార్డియరైటని గుర్తు పెట్టాడు. నా కంటికి మూడు క్వార్ట్జులా కనిపించాయి. లోపల ఇరుక్కున్న జిర్కాన్ల చుట్టూ పసుపుపచ్చటి వలయాలు ఉన్నాయా, ఉంటే చూపించమని అడిగాను. పోర్టల్లో ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసే గళ్ళు తొమ్మిదున్నాయి. నా నాలుగు పేజీలు పెట్టే చోటు వెతకడానికి మనవడికే పావుగంట పట్టింది. రెండో రెఫరీ రిపోర్టు కూడా నాకు చూపించారు. మూడు వాక్యాలు. ఏ పేపరుకైనా సరిపోతాయి, ఈ పేపరుకి తప్ప.

నాదైతే ఆరో రోజునే పంపేశాను. ఏడో రోజు యంత్రం చేత గుర్తుచేయించుకోవడం ఇష్టం లేక కొంత. సిమెంటు బిల్లులు గుర్తొచ్చి ఎక్కువ.

మూడు వారాలకి జవాబొచ్చింది. 'అమూల్యమైన సూచనలకు కృతజ్ఞతలు' అన్న పడికట్టు వాక్యం దాటాక అసలు మనిషి కనిపించాడు. రెండు పలుకులు మీరన్నట్టు క్వార్ట్జే, తీసేశాను అన్నాడు. మూడోది మాత్రం మీరు పొరపాటు పడ్డారు అన్నాడు! కొత్త ఫొటో జతచేశాడు, ప్రోబు అనే యంత్రం మీద చేసిన కెమికల్ ఎనాలిసిస్ కూడా పెట్టాడు. భూతద్దం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. జిర్కాన్ గింజ, దాని చుట్టూ పల్చటి పసుపు వలయం. కార్డియరైటే. నేనే తప్పు. కుర్రాడు మళ్ళీ స్లైడు పెట్టి, బల్ల తిప్పి, కన్ను పెట్టి చూశాడు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అచ్చెయ్యొచ్చని రాసి పంపాను. మర్నాడు సర్టిఫికెట్ వచ్చింది. పూల అంచు, బంగారు రంగు ముద్ర, నా ఇంటిపేరులో రెండు తప్పులు. మనవడు ప్రింటు తీసిచ్చి ఫ్రేము కట్టిద్దామా తాతయ్యా అన్నాడు. వద్దులే అని, ట్రంకు పెట్టె తీసి, సిమెంటు బిల్లుల కట్ట మీద పెట్టాను.